పదిహేడు టన్నుల నగ్మా

మా కంపెనీలో ఉద్యోగులు లేరు. అందరం యజమానులమే. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, ఎరువుల కొట్టు పైన, మొదటి అంతస్తులో పధ్నాలుగు మంది యజమానులం వరసగా కూర్చుని కంప్యూటర్ల మీద పని చేస్తుంటాం. ఎక్కడెక్కడి కంపెనీలకో వెబ్‌సైట్లు, యాప్‌లు చేసిపెట్టడం, ఆన్‌లైన్‌లో వాళ్ళ వ్యాపారం ఎలా నడపాలో సలహాలు చెప్పడం మా పని. దాన్ని డిజిటల్ కన్సల్టెన్సీ అంటారు. కింద ఎరువుల కొట్టాయనకు మాత్రం మేమింకా 'పైన నెట్ సెంటరోళ్ళమే'.

పధ్నాలుగు మంది యజమానులున్న చోట టీ గ్లాసులు ఎవరు కడగాలో తేలడానికి రెండు సోమవారాలు పట్టింది. సోమవారాలని ఎందుకంటున్నానంటే, మా దగ్గర ఏ నిర్ణయమైనా సోమవారం సర్కిల్‌లోనే జరగాలి. అందరం గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చుంటాం. తలా ఒక ఎర్ర కార్డు ఉంటుంది. దాని పేరు ఆపు కార్డు. ఎవరైనా ఒక ప్రతిపాదన పెడితే, పెట్టినవాళ్ళే ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెడతారు. పది లోపల ఏ ఒక్కరు కార్డు ఎత్తినా ఆ పని అక్కడికక్కడ ఆగిపోవాల్సిందే. ఎవరూ ఎత్తకపోతే అందరూ ఒప్పుకున్నట్టు. మొదట్లో ఆ కార్డులకు లామినేషన్ చేయించాం. కోడింగ్ చూసే సురేంద్రబాబు, లామినేషన్ అంటే ప్లాస్టిక్ కదా అంటూ ఆపు కార్డు ఎత్తి ఆపు కార్డుల్నే ఆపేశాడు. అప్పట్నుంచీ అట్టముక్కలు వాడుతున్నాం.

నా పేరు విజయకుమారి. ఇదే గదిలో ఇరవై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. ఈ కంపెనీ పెట్టిన పెంచలప్రసాద్ నా దగ్గరే టైపు హయ్యర్ పాసయ్యాడు. బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేసి, కరోనాలో ఇంటికొచ్చి, ఇక అటు పోయేది లేదని ఇక్కడే కూర్చున్నాడు. గది నాది కాబట్టే నన్ను కూడా యజమానుల్లో కలిపాడని కొందరంటారు. అననీండి. నా నోటికి జడిసి ఎదురుగా మాత్రం అనరు.

అతణ్ణి ఎవరైనా బాస్ అంటే చాలు, చెవులు మూసుకుంటాడు.

"నేను బాసును కాదక్కా, పధ్నాలుగులో ఒకణ్ణి" అంటాడు.

"అట్నే నాయనా, ఏసీ రిమోటు మాత్రం ఎప్పుడు చూసినా నీ జేబులోనే ఉండాదే" అంటాను నేను. నవ్వేసి ఊరుకుంటాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే నా బాధ.

ఇక నగ్మా. ఉదయగిరి పిల్ల, ఇరవై మూడేళ్ళు. వాళ్ళ నాన్న మదార్ సాహెబ్ నర్ది చెక్కతో స్పూన్లు, ఫోర్కులు చెక్కుతాడు. ఉదయగిరి చెక్క స్పూన్లంటే తెలియనివాళ్ళు మా వైపు ఉండరు. ఆ చేతుల్లోంచే వచ్చిందేమో, నగ్మా స్క్రీన్ మీద బొమ్మలు వేస్తుంటే మా వాళ్ళు పనులాపి వెనక నిలబడి చూసేవాళ్ళు. లండన్‌లో ఒక టీ పొడి కంపెనీ ఉంది, మాకున్న అందరిలోకీ పెద్ద క్లయింటు. వాళ్ళ సైటు మొత్తం రూపం దిద్దింది ఈ పిల్లే. రోజూ పొద్దున్నే ఉదయగిరిలో బస్సెక్కి, గంటన్నర పైగా ప్రయాణం చేసి, ఎనిమిదికల్లా మా మెట్లెక్కేది. ఏడాదిలో ఒక్కరోజు ఆలస్యం కాలేదు. బస్టాండు పక్కనే కాపురముండే సురేంద్రబాబు తొమ్మిదిన్నరకు వస్తాడు.

మా పద్ధతి ఏమిటంటే, కొత్తగా చేరినవాళ్ళు ఏడాది పని చేశాక సర్కిల్ ఒప్పుకుంటే యజమాని అవుతారు. అప్పుడు వాళ్ళ పేరు రాసిన పలక గోడకు తగిలిస్తాం. ఎవరి పలక వాళ్ళే తెచ్చుకోవాలి. నగ్మా ఏడాది జూన్ మొదటి సోమవారానికి నిండుతుంది. ఆ పిల్ల ఆశంతా ఆ సోమవారం మీదే. మార్చిలోనే అడిగింది.

"మేడం, పలక ఎంత సైజుండాల? మా నాయన కొలత అడగతా ఉండాడు."

"ఏంది, ఇప్పట్నుంచే?" అన్నాను.

"ఊరంతా చెప్పేసినాడు మేడం, మా పాప కంపెనీకి ఓనరు కాబోతా ఉండాదని. మా ఇంట్లో ఇంతవరకూ ఎవురూ దేనికీ ఓనరు కాలా." నవ్వుతూ అన్నా, కళ్ళు మాత్రం నవ్వలేదు.

నేను స్కేలు తీసి గోడ మీది పలక కొలిచి చెప్పాను. పన్నెండంగుళాల పొడుగు, నాలుగంగుళాల వెడల్పు.

ఆ నెలలోనే లండన్ నుంచి మెయిలొచ్చింది. ఇకమీదట తమకు పని చేసే ప్రతి కంపెనీ సమాజం పట్ల, పర్యావరణం పట్ల తన బాధ్యత ఎలా నెరవేరుస్తోందో రిపోర్టు ఇవ్వాలట. ఏడాదికి ఎంత కార్బన్ గాల్లోకి వదులుతున్నదీ లెక్క చెప్పాలట, దాన్ని ఎలా తగ్గిస్తారో కూడా రాయాలట. రిపోర్టు బాగుంటే రెండేళ్ళ కాంట్రాక్టు. పెంచలప్రసాద్ ముఖం వెలిగిపోయింది. అతనికి ఇలాంటివంటే ప్రాణం. నెలకోసారి చెన్నై పోయి విమానమెక్కి పర్యావరణం సెమినార్లకు వెళ్ళొస్తుంటాడు.

సర్కిల్‌లో ఆ బాధ్యత నా మెడకు చుట్టారు. పేరు కూడా పెట్టారు, బాధ్యతా సమన్వయకర్త అని. నాకూ లోపల సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు? యాభై ఏళ్ళు దగ్గరపడ్డాక కొత్త బిరుదు ఎవరికి చేదు?

లండన్ వాళ్ళు పంపిన ఫారం కంప్యూటర్లో నింపాలి. ఒక్కొక్కరు ఆఫీసుకు ఎలా వస్తారు, బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లిస్తుంది, రోజుకెంత దూరం, బండిలో ఎంతమంది. అయిదు కిలోమీటర్లలోపు నుంచి వచ్చేవాళ్ళ లెక్క అక్కర్లేదు, నడిచి వచ్చినట్టే అనుకోవచ్చని ఫారంలోనే ఉంది. పెంచలప్రసాద్ ఇల్లు మా వెనక వీధి. లాప్‌టాప్ బ్యాగు బరువని కారులో వస్తాడు. ఫారం ప్రకారం నడిచొచ్చినట్టే. సెమినార్ల విమానాలు పర్యావరణం పని కాబట్టి అవీ కలపనక్కర్లేదని సర్కిల్ తీర్మానించింది. నేనూ తలూపాను.

పని మొదలుపెడితే సగంలో వదిలే రకం కాదు నేను. నగ్మా బస్సు లీటరుకు ఎంతిస్తుందో తెలుసుకోవడానికి ఎండలో బస్టాండుకు పోయి ఆ బస్సు డ్రైవర్నే పట్టుకున్నాను. ఆయన నన్ను కిందా మీదా చూసి, "అయిదిస్తాదమ్మా. ఎందుకు, కొంటావా?" అన్నాడు. అయిదు అని రాసుకున్నాను. రానూ పోనూ నూట పది కిలోమీటర్లు. రోజుకు ఇరవై రెండు లీటర్ల డీజిల్. బండిలో ఎంతమంది అన్న చోట మా ఆఫీసు వాళ్ళను మాత్రమే లెక్కేస్తూ వచ్చాను, ఒకే బైకు మీద ఇద్దరొస్తే రెండు అని. ఉదయగిరి నుంచి మా ఆఫీసుకు వచ్చేది నగ్మా ఒక్కతే. ఒకటి అని వేశాను.

కంప్యూటరు గిరగిరా తిరిగి చెప్పింది: నగ్మా ఏడాదికి పదిహేడు టన్నులు. కంపెనీ మొత్తం కలిపి ఇరవై ఏడు. జనరేటరు, కరెంటు, ఏసీలు, మిగతా అందరి బళ్ళూ కలిపితే పది.

మూలన కూర్చుని గట్టిగా నలభై అయిదు కిలోలు కూడా ఉండని పిల్ల, పదిహేడు టన్నులు. ఎవరికైనా అనుమానం రావాలా, వద్దా? రాలేదు. రిపోర్టు మీద పధ్నాలుగు మందీ సంతకం చేయాలన్నది మా నియమం. పధ్నాలుగు మందీ చేశారు. మిగతా పదముగ్గురు చదివే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. పెంచలప్రసాద్ అయితే ఎగిరి గంతేశాడు.

"అక్కా, జాక్‌పాట్! అరవై మూడు శాతం ఒకే చోట ఉండాది. ఆ ఒక్కటి ఆపితే చాలు, ఏడాదిలో అరవై మూడు శాతం తగ్గించినట్టే. ఇట్టాంటిది ఎవురు చూపిస్తారు చెప్పు?"

'సిబ్బంది దూరప్రయాణాన్ని ఏడాదిలో పూర్తిగా సున్నాకు తెస్తాం' అని రాసి పంపాం. వారంలో లండన్ నుంచి జవాబొచ్చింది. ఇంత నిజాయతీగా తమ లోపం తామే బయటపెట్టుకున్న కంపెనీని ఇంతవరకు చూడలేదట. రెండేళ్ళ కాంట్రాక్టు ఇస్తున్నారట. ఆ రిపోర్టు ఎవరి చేతుల మీదుగానో పోయి, హైదరాబాద్‌లో ఒక సదస్సులో మాట్లాడమని నాకు పిలుపు కూడా వచ్చింది. 'చిన్న ఊరు, పెద్ద బాధ్యత' అని నా ప్రసంగానికి వాళ్ళే పేరు పెట్టేశారు. ఆ సాయంత్రమే పోయి ఆకుపచ్చ వెంకటగిరి చీర కొనుక్కున్నాను.

ఇక నగ్మాను ఏం చేయాలి? ఎవరికీ కోపం లేదు, పాపం. అందరూ ఆ పిల్ల మీద జాలిపడ్డారు, తెలియక చేసిన తప్పులా. అశ్విత అనే అమ్మాయి తన లంచ్ బాక్స్‌లోంచి ఒక గులాబ్ జామున్ తీసి ఇచ్చింది. సురేంద్రబాబు ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కోమన్నాడు.

"దుత్తలూరు దాటినాక ఛార్జింగ్ అయిపోతే ఏం జెయ్యాలన్నా? దొబ్బుకుంటా రావాల్నా?" అంది నగ్మా.

చివరికి ఇంటినుంచే పని చెయ్యమన్నారు. నెల రోజులు చేసింది. ఉదయగిరిలో వాళ్ళ వీధి కొండ కిందికి ఉంటుంది. సిగ్నల్ ఒక పట్టాన అందదు. ఒకటే గది, అందులోనే మదార్ సాహెబ్ ఉలి, సుత్తి. లండన్ వాళ్ళతో మాట్లాడుతుంటే వెనకనుంచి టక టక టకమని వినపడేది. అది సరే, అసలు చిక్కు వేరే ఉంది. యజమాని కావాలంటే సోమవారం సర్కిల్‌లో మనిషి ఎదురుగా కూర్చోవాలి. వీడియోలో చెల్లదు. ముఖాముఖాలు చూసుకోకుండా మాట్లాడితే మనుషుల మధ్య దూరం పెరుగుతుందని పెంచలప్రసాదే ఆ నియమం పెట్టించాడు. సోమవారాలు మాత్రం రమ్మందామా అని లెక్కేశాను. ఏడాదికి మూడు టన్నులు తేలింది. రిపోర్టులో సున్నా అని రాసిచ్చాం.

అంటే, వస్తే రిపోర్టు చెడుతుంది. రాకపోతే యజమాని కాలేదు. మే నెల చివరికి వచ్చేశాం, ఇంకొక్క వారమే ఉంది. నేనే పోయి ఆ తండ్రికి నచ్చజెప్పి, పిల్లను ఆత్మకూరులో ఏదైనా హాస్టల్లో పెట్టమని అడుగుదామనుకున్నాను. శనివారం ఉదయగిరి బస్సెక్కాను.

ఎక్కాను అనడం కన్నా ఎక్కించారు అనాలి. వెనకనుంచి ఎవరో తోస్తే లోపల పడ్డాను. కూర్చోవడం మాట దేవుడెరుగు, నిలబడటానికి రెండో కాలికి చోటు లేదు. పెళ్ళికి పోతున్న గుంపొకటి, ఆస్పత్రికి వచ్చి తిరిగిపోతున్నవాళ్ళు, బుట్టలు, గోనెసంచులు, ఒకామె ఒళ్ళో మేకపిల్ల. కండక్టరమ్మ గొంతు చించుకుంటోంది.

"జరగండమ్మా లోపలికి! ఇంకా జరగండి! సామీ, ఆ సంచి నీ నెత్తిన పెట్టుకో!"

"ఏమ్మా, రోజూ ఇంతేనా? ఎంతమందుండారు?" అన్నాను ఊపిరాడక.

"అరవై రెండు మంది, ఒక మేకపిల్ల. ఆడోళ్ళకి ఫ్రీ అయినకాణ్ణుంచి రోజూ ఇంతే. ఎందుకడగతా ఉండావ్, నువ్వేమన్నా చెకింగా?"

చుట్టూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అరవై రెండు.  ఈ అరవై రెండు మంది డీజిలూ, మేకపిల్లతో సహా, నేను తీసుకెళ్ళి ఒక్క నగ్మా ఖాతాలో రాశాను! బస్సంతా ఖాళీగా, ఆ పిల్ల ఒక్కతే రాణీగారిలా కూర్చుని వస్తున్నట్టు! ఓరి దేవుడా, ఇరవై ఏళ్ళు పిల్లలకు టైపు నేర్పాను, ఒక్క అక్షరం తప్పు పడితే కాగితం చింపి మళ్ళీ కొట్టించాను. నా బుర్ర ఏ గడ్డి తిన్నది? మా లెక్కలో మనుషులంటే మా ఆఫీసు వాళ్ళే. మిగతావాళ్ళు అక్కడున్నారని కూడా నాకు తోచలేదు.

దుత్తలూరులో సీటు దొరికింది. ఫోన్ తీసి అరవై రెండుతో భాగించాను. పదిహేడు టన్నులు కాస్తా పావు టన్ను చిల్లర అయింది. మా కంపెనీలో అందరికన్నా తక్కువ పాపం మూటగట్టుకున్న మనిషి నగ్మానే.

మదార్ సాహెబ్ ఇంటి ముందు చెక్కపొట్టు మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, లుంగీ దులుపుకుని, మంచం వాల్చాడు. నగ్మా టీ తెచ్చింది. నేనేమీ అనకముందే ఆయన లోపలికి పోయి గుడ్డలో చుట్టింది తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పలక. పన్నెండు అంగుళాలు, నాలుగు అంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేదు. మధ్యలో 'నగ్మా' అని తెలుగులో. చుట్టూ సన్నటి ఆకుల తీగ, ఒక్కో ఆకులో ఈనెలు కూడా చెక్కాడు.

"ఆకులకే పదిరోజులు పట్టినాది మేడం. నా కళ్ళు ఇంతకుముందు మాదిరి లేవు" అన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "మా పాప వల్ల పొగ ఎక్కువవతా ఉండాదని అన్నారంట. నాకు తెలవక అడగతా ఉండాను, తప్పనుకోబాకండి. మా పాప ఎక్కకపోతే ఆ బస్సు డిపోలో పండుకుంటాదా?"

నగ్మా "నాయనా, ఊరుకో" అంది.

 చదువుకోని మనిషికి తోచింది పధ్నాలుగు మంది యజమానులకు తోచలేదు.

"తప్పు నాది సాహెబూ. లెక్క నేను తప్పు జేసినాను" అన్నాను. "మీరు దిగులు పడబాకండి. నేను సరిజేస్తాను. నా చేతిలో కార్డుండాది."

నగ్మా నా చెయ్యి పట్టుకుంది.  పలక నా సంచిలో పెట్టింది, సోమవారం మీరే గోడకు తగిలించండి మేడం అని.

ఆదివారం పొద్దున పెంచలప్రసాద్ ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను.  అతను కాగితం తీసుకుని లెక్కేశాడు. నగ్మా పదిహేడు టన్నులు పోతే కంపెనీది పది. అందులో అన్నిటికన్నా పెద్దది జనరేటరు. అయిదు కిలోమీటర్ల నియమమూ విమానాల తీర్మానమూ తీసేస్తే, అన్నిటికన్నా పెద్దది అతనే.

"తగ్గిస్తామన్న అరవై మూడు శాతం యాడినుంచి తేవాలక్కా ఇప్పుడు?" అన్నాడు. "దాన్ని చూసే కదా కాంట్రాక్టు ఇచ్చింది."

"తప్పు జేసినామని చెప్పేద్దాం. చెప్పకపోతే ఆ పిల్ల గొంతు కోసినట్టు కాదా?"

"నేను కాదంటానా అక్కా? సర్కిల్‌లో పెట్టు. నేను బాసును కాదు కదా."

సోమవారం వచ్చింది. జూన్ ఒకటి. నగ్మా పొద్దున్నే బస్సులో వచ్చి, సర్కిల్ బయట, తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. యజమాని కానివాళ్ళు అక్కడే కూర్చోవాలి, కార్డు కూడా ఉండదు. కొత్త డ్రెస్సు వేసుకుంది. పలక నా ఒళ్ళో గుడ్డలో ఉంది, మీద నా ఎర్ర కార్డు.

జరిగింది చెప్పాను. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, ఆ కోపంలో ఏమైనా చేసుండేదాన్ని. ఒక్కొక్కరూ తమ మనసులో ఏముందో చెప్పారు. అది మా పద్ధతి. అశ్విత కళ్ళు తుడుచుకుంది. సురేంద్రబాబు, "నగ్మా అంటే మా అందరికీ ప్రాణం. ఇది చాలా మంచి పాఠం మనకి" అన్నాడు.

నగ్మా స్టూలు మీదనుంచే, "బస్సులో నాతోపాటు ఇంకా అరవై మంది వస్తారు సార్. వాళ్ళని కూడా లెక్కేస్తే చాలు" అంది.

"మంచి పాయింట్. నోట్ చేసుకోండి" అన్నాడు పెంచలప్రసాద్. ఎవరో నోట్ చేసుకున్నారు.

తర్వాత అతను ప్రతిపాదన పెట్టాడు. గొంతు మెత్తగా ఉంది, నిజంగానే బాధపడుతున్నాడు. ఈ ఏడాది రిపోర్టు పంపేశాం కాబట్టి అలాగే ఉంచుదాం. లెక్కగట్టే పద్ధతి వచ్చే ఏడాది మెరుగుపరుద్దాం. రిపోర్టులో దూరప్రయాణం సున్నా అని రాసిచ్చాం కాబట్టి నగ్మా సభ్యత్వం అప్పటిదాకా పక్కన పెడదాం. ఆ లోపల ఆమెను సంస్థకు మిత్రురాలిగా ప్రకటిద్దాం.

"ఎవరికన్నా అభ్యంతరముంటే కార్డు ఎత్తండి. ఒకటి" అని మొదలుపెట్టాడు.

నా చెయ్యి కార్డు మీదే ఉంది.

"రెండు. మూడు."

ఎత్తుతాను, ఎత్తాల్సిందే అనుకున్నాను. కాంట్రాక్టు పోతే పధ్నాలుగు ఇళ్ళ గతి ఏమిటి అని కూడా అనుకున్నాను. అది గొప్ప కారణం, నలుగురిలో చెప్పుకోవచ్చు.

"నాలుగు. అయిదు."

అసలు కారణం అది కాదు. నాకు ఆకుపచ్చ వెంకటగిరి చీర గుర్తొచ్చింది. పది రోజుల్లో హైదరాబాద్‌లో స్టేజీ. కార్డు ఎత్తితే ఆ రిపోర్టు తప్పు, తప్పు రిపోర్టు రాసినామెను ఎవరు పిలుస్తారు? బ్లౌజు కూడా కుట్టించేశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నా తలలో ఉన్నది బ్లౌజు.

"ఆరు. ఏడు."

ఇంకెవరైనా ఎత్తుతారేమోనని చుట్టూ చూశాను. లామినేషన్‌కు కార్డు ఎత్తిన సురేంద్రబాబు తన చెప్పులు చూసుకుంటున్నాడు. అందరూ నావైపు చూశారు, లెక్క తెలిసినామె కదా, ఎత్తేదుంటే ఆమే ఎత్తుతుంది అన్నట్టు. నగ్మా మాత్రం నావైపు చూడలేదు. ఇంతమందిలో నా మీద ఒత్తిడి పెట్టకూడదని కాబోలు, గోడ మీద పలకల వైపు చూస్తూ కూర్చుంది. అంత నమ్మకం నా మీద.

"ఎనిమిది. తొమ్మిది."

నోరు పెట్టుకుని ఊరంతటినీ దులిపేసే విజయకుమారి, చెయ్యి ఎత్తలేదు.

"పది. అందరికీ ధన్యవాదాలు."

అందరూ చప్పట్లు కొట్టి నగ్మాను మిత్రురాలిగా ప్రకటించారు. ఆ పిల్ల లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టింది. మధ్యాహ్నం దాకా కూర్చుని తన చేతిలో ఉన్న పనంతా ముగించి, ఫైళ్ళన్నీ ఎవరివి వాళ్ళకు పంపి, సంచి సర్దుకుంది. మెట్ల దాకా వెంట వెళ్ళాను. గుడ్డలో చుట్టిన పలక ఇవ్వబోయాను.

"మీ దగ్గరే ఉంచండి మేడం" అంది.  "ఇంట్లో ఉంటే మా నాయన రోజూ చూస్తా ఉంటాడు."

"నగ్మా, నేను..." అన్నాను. 

"బస్సుకు టైమయినాది మేడం" అని దిగిపోయింది.

హైదరాబాద్ వెళ్ళాను. ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. బాగా మాట్లాడానట, శాలువా కప్పారు. ఇంటికొచ్చి శాలువా పెట్టెలో పెట్టేశాను, మళ్ళీ తియ్యలేదు. నగ్మా మిత్రురాలిగా రెండు నెలలు ఉండి మానేసింది. వింజమూరులో ఎవరిదో ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తోందని విన్నాను. ఆ బస్సు వేరు, ఆ పొగ మా లెక్కలోది కాదు.

రెండో ఏడాది రిపోర్టు ఈ మధ్యే వెళ్ళింది. లెక్కగట్టే పద్ధతి మెరుగుపరచాలన్న ప్రతిపాదన కమిటీ పరిశీలనలో ఉంది. అందువల్ల పాత పద్ధతిలోనే గట్టాం. ఇరవై ఏడు టన్నుల నుంచి పదికి దిగాం, అరవై మూడు శాతం. లండన్ వాళ్ళు మమ్మల్ని తమ మిగతా కంపెనీలకు ఉదాహరణగా చూపిస్తున్నారు. రిపోర్టు అట్ట మీద స్థానిక చేతివృత్తులకు మద్దతుగా ఏదైనా బొమ్మ ఉంటే బాగుంటుందని పెంచలప్రసాద్ అన్నాడు. నా సొరుగులో పలక ఉన్న సంగతి అతనికి తెలుసు. ఫొటో తీశారు. పేరు కనపడకుండా, చుట్టూ ఉన్న ఆకుల తీగ మాత్రం వచ్చేలా తీశారు. చాలా బాగుందని అందరూ అన్నారు. పది లెక్కపెట్టారు. అప్పుడూ నేను కార్డు ఎత్తలేదు.

రోజూ ఎనిమిదికి ముందే ఆఫీసుకు వచ్చేస్తున్నాను ఇప్పుడు. ఎందుకో నాకే తెలియదు. ఉదయగిరి బస్సు మా కిటికీ కిందే ఆగుతుంది. నిన్న దిగుతున్నవాళ్ళను లెక్కపెట్టాను. యాభై ఎనిమిది మంది దిగారు, లోపల ఇంకా కొందరున్నారు. మా రిపోర్టు ప్రకారం ఆ బస్సు ఏడాది నుంచీ చుక్క డీజిల్ తాగడం లేదు. డ్రైవరు బండిని వెనక్కి తీస్తుంటే నల్లటి పొగ లేచి కిటికీలోంచి గదిలోకి వచ్చింది. లేచి కిటికీ మూసి, ఏసీ వేసుకున్నాను.